శ్రీరమ్య వాళ్ళ నాన్నగారేనా అండీ

జూన్ 9

ఈ ఫైలుకి ‘ప్రింటర్ వారంటీ’ అని పేరు పెట్టాను. ఆ పేరు చూసి తెరవాలనుకునే మనిషి ఉండడు. మా అమ్మాయి నస్రత్ పరీక్షలైపోయిన దగ్గర్నుంచి నాతోపాటు కొట్లోనే కూర్చుంటోంది, రెండో కంప్యూటర్ తనదే. అందుకే ఈ జాగ్రత్త.

రాయాల్సినంత విషయం కూడా ఏమీ లేదు. పదకొండింటికి ఒక కాల్ వచ్చింది. ఆడపిల్ల గొంతు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడేసింది.

"గుడ్ మార్నింగ్ సార్, శ్రీరమ్య వాళ్ళ నాన్నగారేనా అండీ? పాప బీటెక్ గురించి ఏం ప్లాన్ చేశారండీ?"

రాంగ్ నంబర్ అమ్మా అని పెట్టేశాను. ఏదో ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు. ర్యాంకులు వచ్చిన రోజు నుంచీ మొదలుపెడతారు. నిరుడు ముప్ఫైమంది పిల్లల కౌన్సెలింగ్ ఫారాల్లో నా నంబరే ఇచ్చాను. ఓటీపీ నా ఫోన్‌కి వస్తే పని చకచకా అయిపోతుంది. పొలం నుంచి వచ్చిన తండ్రి ఫోన్ ఇంట్లో మర్చిపోయి వస్తాడు. తెస్తే ఛార్జింగ్ ఉండదు. ఛార్జింగ్ ఉంటే మెసేజ్ తెరవడం రాదు. వెనక పదిమంది నిలబడి ఉంటారు. నెట్ సెంటర్ నడిపేవాడు ఇంకేం చేస్తాడు.

ఇప్పుడు ఆ ముప్ఫైమంది పేర్లతోనూ నాకు కాల్స్ వస్తున్నాయి. అందులో ఇదొకటి. అంతే.

నస్రత్‌కి మంచి ర్యాంకే వచ్చింది. మా ఆవిడ ఖుర్షిదా సేమ్యా పాయసం చేసి వీధి మొత్తం పంచింది.

జూన్ 10

మళ్ళీ అదే గొంతు. ఈసారి రాంగ్ నంబర్ అనలేదు. పనిలో ఉన్నానమ్మా అన్నాను. ఎందుకన్నానో.

జూన్ 14

కొట్లో జనం లేరు. నస్రత్ తన బీటెక్ ప్లాను నా ముందు పెట్టింది. నాకు తెలిసిందల్లా కంప్యూటర్ బ్రాంచి వస్తే చాలని. పదేళ్ళుగా పిల్లలందరికీ అదే చెబుతున్నాను, వాళ్ళూ అదే పెట్టుకుంటున్నారు. మా పిల్ల మాత్రం వినే రకం కాదు.

"సీఎస్‌ఈ ఒక్కటే అని కూర్చోవద్దు నాన్నా. ఏఐ అనీ, డేటా సైన్స్ అనీ బోర్డులు వేరు గానీ మొదట్లో చెప్పేది దాదాపు ఒకటే. పాఠం ఎవరు చెప్తారు, ల్యాబులో పిల్లకొక మెషిన్ ఉందా, ముగ్గురికి ఒకటా, అది చూడాలి."

"పేరుకి విలువ లేదా మరి?"

"నువ్వు జిరాక్స్ మెషిన్ కొన్నప్పుడు రంగు చూసి కొన్నావా, డ్రమ్ము చూసి కొన్నావా?"

ఇంటి నుంచి ఫోన్ చేసిన ఖుర్షిదా స్పీకర్లో ఇదంతా వింటూ నవ్వుతోంది. "అడగండి, ఇంకా అడగండి," అంది.

నస్రత్ ఒక కాగితం తీసింది. కాలేజీ పేరు, బ్రాంచి, ల్యాబు, హాస్టలా బస్సా, సీనియర్లు ఏమన్నారు, అన్నిటికీ గళ్ళు గీసింది. బాగుందమ్మా అన్నాను. చేతిలోకి తీసుకుని చూడమంది. కళ్ళజోడు కనబడటం లేదన్నాను. కళ్ళజోడు నా జేబులోనే ఉంది.

ఇలాంటి కాగితం నేను నిరుడు ఇంకో పిల్ల దగ్గర ఒకటి చూశాను. నోట్సు పుస్తకంలోంచి చింపింది, ఆకుపచ్చ ఇంకు. అందులో మొదటి గడి బస్సు టైము. పొద్దున ఏడూ పదికి ఎక్కితే ఎన్నింటికి చేరతాం, సాయంత్రం ఎన్నింటికి ఇల్లు. చివరి గడిలో ‘అమ్మ’ అని రాసి ఉంది. అమ్మ అంటే ఏంటమ్మా అని అడిగితే, "రాత్రికి ఇంట్లో ఉండాలి అంకుల్. మా అమ్మకి ఆయాసం," అంది.

జూన్ 17

కాల్. ఎత్తలేదు.

జూన్ 20

అంకమ్మరావు వచ్చాడు. ఆటోలో అరగంట దూరం ఆయన ఊరు. కొంత పత్తి, కొంత మిర్చి వేస్తాడు. భార్య పున్నమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళి వెళ్ళి ఆ ఘాటుకి ఆయాసం తెచ్చుకుంది. వాళ్ళమ్మాయే శ్రీరమ్య.

భుజం మీద గోతాం. దించి నా కుర్చీ పక్కన పెట్టాడు.

"ఏంది అంకమ్మరావు గారూ ఇది?"

"ఎండుమిర్చి. కల్లంలో నేనే ఏరి పక్కన పెట్టించా. తాలు ఒక్కటుంటే నన్నడుగు."

"ఎందుకండీ ఇవన్నీ."

"ఎందుకేందయ్యా. నిరుడు మా పిల్ల కోసం ఎంత తిప్పలు పడ్డావ్. సీటు రాకపోతే నువ్వేం చేస్తావ్, మా రాత. ఇదుగో, మళ్ళీ పరీక్ష రాసింది. పొద్దుగూకులూ వాళ్ళమ్మతో తొడిమలు తీసేది, మధ్యలో పుస్తకం. మిర్చి చేతులతో కళ్ళు తుడుచుకుని ఏడ్చేది. చదువుకేడ్చేదో మంటకేడ్చేదో మాకు తెలిసేది కాదు." ఆయనే నవ్వాడు. "ర్యాంకు నిరుటికంటే తగ్గిందంట. ఇదే ఆఖరు అని చెప్పేశా. ఈసారీ రాకపోతే ఇంక ఆపెయ్యమన్నా. ఈసారి కూడా నువ్వే చూడాల బాషా."

చూస్తానన్నాను. టీ తెప్పించాను. ఆయన బిస్కెట్ ముంచుకుని తింటుంటే గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను.

గోతాం ఇంటికి చేరింది. ఖుర్షిదా మూతి విప్పి, "ఎంత ఎర్రగా ఉన్నాయో చూడండి, ఏడాదికి సరిపడా కారం పట్టిస్తా," అంది.

జూన్ 21

ఒకసారి రాసుకుంటే తేలికవుతుంది.

నిరుడు శ్రీరమ్యకి సీటు రాలేదు. మొదటి విడతలో రాలేదు, రెండో విడతలోనూ రాలేదు. చాలామందికి రాలేదు. నేను ఆప్షన్లన్నీ ఆ పిల్ల కాగితంలో ఉన్న వరసలోనే పెట్టాను. నా వైపు నుంచి లోపం లేదు. అంతే.

జూన్ 23

కారం పట్టించారు. ఇల్లంతా తుమ్ములు. పప్పులో వేసింది. బాగుందా అని రెండుసార్లు అడిగింది.

జూన్ 28

21న రాసినదాంట్లో కొంచెం సరిచేయాలి.

సీటు వచ్చింది. రెండో విడతలో వచ్చింది. గుంటూరు కాలేజీ, కంప్యూటర్ ఇంజనీరింగ్, ఆ పిల్ల మొదటి ఆప్షన్. సీటు వచ్చినవాళ్ళు నాలుగు రోజుల్లోగా సైట్లోకి వెళ్ళి చేరతామని నొక్కాలి, నొక్కకపోతే సీటు పోతుంది. ఆ మెసేజ్ నా ఫోన్‌కి వచ్చింది. నేను ఆలస్యంగా చూశాను. ముప్ఫైమంది మెసేజ్‌లు ఒకే ఫోన్‌కి వస్తుంటే ఒకటి కిందకి జారిపోవడం ఎవరికైనా జరిగేదే.

ఇప్పుడు చెప్పి లాభం ఏంటి. పోయిన సీటు తిరిగి రాదు, పెద్దాయన మనసు పాడవుతుంది. ఈ సంవత్సరం బాగా చేసిపెడితే సరిపోతుంది. సగం రేటు కూడా తీసుకోను.

జూలై 1

రెండు కాల్స్. ఒకటి ఎత్తాను. "శ్రీరమ్య వాళ్ళ నాన్నగారేనా అండీ?" అంటే ఊఁ అన్నాను. క్యాంపస్ గురించి అంతా చెప్పింది, ఏసీ క్లాసులంట, వైఫై అంట. చివరి దాకా విన్నాను. "పాపకి ఏం ఇష్టం సార్?" అని అడిగింది. రాత్రికి ఇల్లు చేరాలమ్మా అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. వాళ్ళకి హాస్టల్ ఉందంది.

జూలై 3

నస్రత్ లామినేషన్ కవర్ల కోసం కింది సొరుగు తీసింది. పై సొరుగులో ఉన్నాయమ్మా అనేలోపే తీసేసింది. కవర్ల అడుగున ఆ కాగితం. నిరుటి అలాట్‌మెంట్ ఆర్డర్, నేనే ప్రింటు తీసి పెట్టింది. చింపేయలేకపోయాను.

"నాన్నా, ఎవరీ శ్రీరమ్య?"

"ఎవరో పిల్లమ్మా. చేరలేదు."

"ఈ కాలేజీలో సీఎస్‌ఈ వచ్చి చేరలేదా? నా ఫస్ట్ ఆప్షన్ ఇదే." కాగితం వెనక్కి తిప్పి చూసింది. "పిచ్చిదా ఏంటి."

"పిచ్చిది కాదు," అన్నాను. గట్టిగా అన్నట్టున్నాను. ఆధార్ కార్డు జిరాక్స్‌కి వచ్చిన ముసలాయన కూడా నావైపు చూశాడు.

నస్రత్ కాగితం మళ్ళీ కవర్ల కిందే పెట్టింది. సొరుగు మెల్లగా మూసింది. ఆ తర్వాత సాయంత్రం దాకా నన్నేం అడగలేదు. మామూలుగా అయితే నా బుర్ర తినేస్తుంది.

జూలై 4

21న రాసింది అబద్ధం. 28న రాసింది కూడా అబద్ధమే. ఎవరూ చదవని ఫైల్లో ఎవరికి చెప్పానో నాకే తెలియదు.

మెసేజ్ ఆలస్యంగా చూడటం కాదు. నేను అసలు చూడనే లేదు. ఆ రోజు పొద్దున ఫోన్ నిండిపోయి ఓటీపీలు రావడం ఆగిపోయింది. స్కాలర్‌షిప్ ఫారాల వాళ్ళు, రేషన్ కార్డుల వాళ్ళు మెట్ల దాకా నిలబడ్డారు. మెసేజ్‌లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి తీసిపారేశాను. అందులో ఎవరిదేముందో చూడలేదు.

మధ్యాహ్నం శ్రీరమ్య వచ్చింది. ఎండకి తల మీద చున్నీ కప్పుకుని, కౌంటర్ చివర నిలబడింది. నా వంతు అని తోసుకుని రాలేదు. జనం కాస్త సర్దుకున్నాక అడిగింది.

"అంకుల్, సీట్లు ఇచ్చారంట. నాది చూస్తారా?"

నేను తల ఎత్తలేదు. "నీకు రాలేదమ్మా. వస్తే నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేది."

వెళ్ళలేదు. అక్కడే నిలబడింది.

"ఒక్కసారి సైట్లో చూస్తారా అంకుల్."

"ఏంటమ్మా, చూడకుండానే చెప్తున్నానా?"

"సరే అంకుల్, థాంక్సండీ," అని మెట్లు దిగింది.

ఆ పిల్ల సొంతంగా చూసుకుందామన్నా పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెడతాను, గుర్తుంటుందని. పన్నెండు రోజుల తర్వాత ఇంకో పిల్లాడి కోసం సైట్ తెరిస్తే, పాత లాగిన్ దానంతటదే ఎక్కి ఆ పిల్ల పేజీ తెరుచుకుంది. ఫొటోతో సహా. పైన కాలేజీ పేరు. కింద ఎర్ర అక్షరాల్లో, గడువులోగా రిపోర్ట్ చేయనందున రద్దు అని.

థాంక్సండీ అంది.

ఇదీ జరిగింది.

జూలై 5

ఖుర్షిదా అడుగుతోంది, కూరలో కారం ఎక్కువైందా, అలా కళ్ళెంట నీళ్ళొస్తున్నాయేంటని. అవునన్నాను.

జూలై 9

వచ్చారు, తండ్రీ కూతురూ. రిజిస్ట్రేషన్‌కి.

పిల్ల చిక్కిపోయింది. వేళ్ళ చివర్లు నల్లబడి, తోలు లేచిపోయి ఉన్నాయి. నేను సర్టిఫికెట్లు స్కాన్ చేస్తుంటే ఒక్కొక్కటే అందించింది. పేరు, పుట్టిన తేదీ, ఇంటర్ మార్కులు. తర్వాత మొబైల్ నంబర్ గడి.

అంకమ్మరావు ఇటు వంగాడు. "నీదే కొట్టు బాషా. నా ఫోను పొలంలో మోగితే కొంగలు ఎత్తాలి."

నా వేళ్ళకి అలవాటు. నా నంబరు పది అంకెలూ పడిపోయాయి. పక్క కుర్చీలో నస్రత్ టైపింగ్ ఆగిపోయింది.

"అంకమ్మరావు గారూ, కుల సర్టిఫికెట్ జిరాక్స్ సరిగ్గా లేదండీ. ఎదురుగా మాలిక్ కొట్లో కలర్ తీయించుకు రండి, నా కలర్ మెషిన్ పాడైంది," అన్నాను. మెషిన్ బాగానే ఉంది. ఆయన వెళ్ళాడు.

చెప్పాను. స్క్రీన్ వైపు చూస్తూనే చెప్పాను, నిరుడు తల ఎత్తకుండా చెప్పినట్టే. సీటు వచ్చిందమ్మా, నేను చూడలేదు, చూశానని అబద్ధమాడాను.

"తెలుసంకుల్," అంది.

నా చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది.

"మా బస్సులో వచ్చే ఫ్రెండుకి అదే కాలేజీలో సీటొచ్చింది. దీపావళప్పుడు కలిసి అడిగింది, నువ్వెందుకు రాలేదే అని. మొదటి నాలుగు రోజులు పాత అలాట్‌మెంట్ లిస్టు చూసి అటెండెన్సులో నా పేరు పిలిచారంట. ఆ తర్వాత కొట్టేశారంట."

నాలుగు రోజులు. మిగతా పిల్లలందరూ వెనక్కి తిరిగి చూసి ఉంటారు, ఈ పేరుగల పిల్ల ఎవరా అని.

"మీ నాన్నకి..."

"చెప్పలేదు. చెప్పొద్దు. చెప్తే మీ కొట్టు మీదకొస్తాడు, కేసవుద్ది, ఇక్కడ మా అమ్మని చూసేదెవరు. మీరు చెప్పి మీ బరువు దించుకుంటే అది మా ఇంట్లో పడుద్ది అంకుల్."

పద్దెనిమిదేళ్ళ పిల్ల. గొంతు పెంచలేదు.

"మరి నా దగ్గరికే ఎందుకొచ్చావమ్మా? ఊళ్ళో ఇన్ని సెంటర్లున్నాయి."

"ఈసారి మీరు మర్చిపోరు గదా."

కీబోర్డు తనవైపు జరుపుకుంది. నా నంబరు ఒక్కో అంకె చెరిపేసింది. తన నంబరు కొట్టింది. చున్నీ చివర కట్టిన ముడి విప్పి కొత్త ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. తొడిమల కూలితో కొనుక్కుందంట. పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు, "అటు తిరగండంకుల్," అంది.

గోడ వైపు తిరిగాను.

అంకమ్మరావు చెమటలు కక్కుతూ వచ్చాడు. "మాలిక్‌గాడు మంచి రంగు తీశాడయ్యా. నీ మెషిన్ బాగు చేయించుకో," అన్నాడు.

జూలై 10

నస్రత్ నిన్న అన్నీ వింది. పొద్దున నా టీ తెచ్చి పెట్టి, "చల్లారకముందే తాగు," అంది. అంతే. ఆ టీ చల్లారిపోయింది.

జూలై 15

శ్రీరమ్య ఆప్షన్లు పెట్టుకోవడానికి వచ్చింది. నిరుటి కాగితం లాంటిదే, అదే ఆకుపచ్చ ఇంకు. ఈసారి బస్సు టైము గడి చివరికి పోయింది. ర్యాంకు తగ్గింది, దగ్గరివి మాత్రమే పెడితే ఏదీ రాదని తనకి తెలుసు. ‘అమ్మ’ గడి మాత్రం ఉంది. అందులో గుంటూరు కాలేజీలకి ‘నేను’ అనీ, దూరం వాటికి ‘పిన్ని?’ అనీ రాసింది.

నస్రత్ కుర్చీ జరిపి పక్కన కూర్చుంది. ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. ఏ కాలేజీలో కోడింగ్ సొంతంగా చేయిస్తారు, ఎక్కడ రికార్డులు రాయించి పంపుతారు, అసలు రెండో సంవత్సరానికి ఏం నేర్చుకుని ఉండాలి. మధ్యలో నవ్వుకున్నారు కూడా. నేను ఓటరు కార్డులు లామినేషన్ చేస్తూ వింటూ ఉన్నాను. ఈ నవ్వు ఏడాది కిందటే ఇంకో చోట నవ్వాల్సింది ఆ పిల్ల.

వెళ్ళేముందు వరస మూడుసార్లు చదివించాను. మూడోసారి తనే, "చాలంకుల్," అంది.

జూలై 22

అలాట్‌మెంట్.

నస్రత్‌ది నా ఫోన్‌కి వచ్చింది. గుంటూరు. కంప్యూటర్ ఇంజనీరింగ్. కింది సొరుగులో ఉన్న కాగితం మీది కాలేజీయే, అదే బ్రాంచి.

రెండో మెసేజ్ నాకు రాదు. రాదని తెలిసి కూడా సాయంత్రం దాకా ఫోన్ బల్ల మీద తిరగేసి, మళ్ళీ తిరగేసి చూస్తూ ఉన్నాను. ఐదింటికి శ్రీరమ్యే వచ్చింది. కంప్యూటర్ ఇంజనీరింగే వచ్చింది. ఒంగోలు దాటి, సింగరాయకొండ వైపు. హాస్టల్.

"చేరతావా అమ్మా?"

"చేరక."

"మరి అమ్మ?"

"పిన్ని పక్కింటికి మారుద్ది. తొడిమల పని మానిపించా." ఫోన్ చున్నీ చివర ముడేసుకుంటూ, "దసరాకొస్తా. సంక్రాంతికొస్తా. నాలుగేళ్ళే గదా," అంది. ఎవరికి చెబుతోందో.

జూలై 23

నస్రత్ ఇంట్లో అడిగింది, ఖుర్షిదా మేడ మీద బట్టలు తీస్తుండగా.

"నాన్నా, నేను అక్కడ చేరనా, వద్దా?"

"చేరమ్మా. కష్టపడి తెచ్చుకున్న సీటు."

"అది తనది."

"నిరుటిది తనది. ఇది నీదే."

"నువ్వు రోజూ బస్సెక్కించడానికి వస్తావుగా. ఏడూ పదికి."

ఆ బస్సు టైము నేను ఈ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదు.

జూలై 25

శ్రీరమ్య సెల్ఫ్ రిపోర్టింగ్ అయింది. గడువుకి ఇంకా ఒక రోజుంది. తనే నొక్కింది. నేను ప్రింటు రెండు కాపీలు తీశాను. ఒకటి తనకి, ఒకటి మా ఇంట్లో పెడతానంటే వద్దంది.

ఆగస్టు 6

పిల్ల హాస్టల్‌కి వెళ్ళి మూడు రోజులైంది. అంకమ్మరావు ఏదో డిక్లరేషన్ స్కాన్ చేసి పంపాలని వచ్చి, నా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. ఫోన్ మోగింది. నా చేతులకి టోనర్ మసి అంటుకుని ఉంటే, కాలేజీ ఇంకా తెరవక కొట్లోనే ఉన్న నస్రత్ నొక్కి స్పీకర్ పెట్టింది.

"నమస్తే సార్, శ్రీరమ్య వాళ్ళ నాన్నగారేనా అండీ? పాప బీటెక్ గురించి..."

కాదమ్మా అన్నాను.

"ఈ నంబరు మా లిస్టులో పాప పేరు మీదే ఉందండీ."

"ఉంటుందమ్మా. నిరుడు నేనే ఇచ్చాను."

"మీరు పాపకి ఏమవుతారండీ?"

నస్రత్ నావైపు చూసింది. చెప్పొద్దంది ఆ పిల్ల. చెబితే నా బరువు వాళ్ళింట్లో పడుతుందంది. మాట నాలుక చివర ఉంది.

అంకమ్మరావు చెయ్యి చాచాడు. "మా పిల్లనే అడుగుతుందా? ఇటియ్యి బాషా." ఫోన్ తీసుకుని పొలంలో మనిషిని పిలిచినట్టు పెద్దగా మాట్లాడాడు. "నేనేనమ్మా వాళ్ళ నాన్నని. మా పిల్లకి సీటొచ్చింది, చేరింది కూడా. కంప్యూటర్. మా బాషానే దగ్గరుండి ఇప్పించాడు. ఆఁ, ఉంటానమ్మా."

ఫోన్ నా చేతిలో పెట్టి, టోనర్ మసి అంటిన తన వేళ్ళు పంచెకి తుడుచుకున్నాడు.

ఆయన వెళ్ళాక నస్రత్, "నాన్నా, ఈ సిమ్ మార్చేద్దాం. కొత్తది తీసుకొస్తా," అంది.

మార్చను.